రెండుసార్లు మోగిన గంట

ఫిబ్రవరి నెలంతా ప్రపంచం గెలుస్తూనే ఉంది, ఓడుతూనే ఉంది. ఆ గెలుపోటములన్నీ ఎల్వ్‌సుండ్ పత్రికాఫీసులో కిటికీ పక్క టేబుల్ మీదికి వచ్చేసరికి మాత్రం ఒకే సైజు అక్షరాలైపోయేవి. అది యోరున్ టేబుల్. ప్రతి నెలా ఆఖరి శనివారం ఆ పత్రికలో 'నెల ఆటలు' అని ఒక నిండు పేజీ వస్తుంది. ఎక్కడో మండుటెండలో ఆడిన టెన్నిస్, ఇంకెక్కడో వానకి ఆగిపోయిన సైకిల్ పందెం, హ్యాండ్‌బాల్, స్కీయింగ్, ఏ ఫుట్‌బాల్ కోచ్‌ని పీకేశారు, ఎవరి మోకాలు దెబ్బతింది, అన్నీ అందులోనే. క్రికెట్ కూడా ఉంటుంది. ఇన్నింగ్స్ మీద ఎన్ని పరుగుల తేడాతో గెలిచారో యోరున్ అంకె తప్పకుండా వేస్తుంది గానీ, ఇన్నింగ్స్ అంటే ఏమిటో ఆమెకి తెలిస్తే ఒట్టు. నార్వేలో ఆ మూలనున్న ఊళ్లో తెలిసినవాడు ఇంకొకడు కూడా లేడు.

అరవై ఒక్కేళ్ల యోరున్ ఆ పేజీలో తన కళ్లతో చూసి వేసేది ఒక్కటే. ఊరి చివర సరస్సు ఒడ్డున ఐస్ ట్రాక్ మీద జరిగే స్కేటింగ్ పందాలు. మిగతా లోకమంతా తనంతట తాను కంప్యూటర్లోకి వచ్చి పడుతుంది. దీనికి మాత్రం ఆమె వెళ్లి, చలిలో కూర్చుని, రాసుకొస్తుంది.

ఇరవై రెండో తేదీ ఆదివారం నాలుగు దేశాల ఆడవాళ్ల పోటీ. చలి సున్నాకి పదహారు డిగ్రీలు కింద ఉంది. ముగింపు గీతకి ఎదురుగా చెక్క మెట్ల మీద గొర్రెతోలు పరుచుకుని యోరున్ కూర్చుంది. ఒళ్లో అట్ట, అట్ట మీద గళ్లు గీసిన కాగితం, ఎడమచేతిలో స్టాప్‌వాచ్, కుడిచేతిలో పెన్సిల్. ఆ చలికి పెన్ను రాయదు. పెన్సిల్ పట్టు దొరకాలని కుడిచేతి తొడుగుకి రెండు వేళ్లు కత్తిరించి పెట్టుకుంది.

చుట్టు చుట్టుకీ సమయం రాసుకోవడం ఆ దేశంలో ఒక తరానికి ఉన్న పిచ్చి. రేడియో ముందు కూర్చుని ఇంటిల్లిపాదీ రాసేవాళ్లు. "ఇప్పుడు యంత్రం రాస్తోంది కదా, నీకెందుకీ అవస్థ?" అని ఎవరైనా అంటే యోరున్ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "యంత్రం అంకె రాస్తుంది. జారిందా, తలెత్తి చూసిందా, గంట మోగిందా, అవి రాయదు." ఆమె అవి కూడా రాస్తుంది. జారితే సున్నా. గంట మోగితే చిన్న టిక్కు.

గంట కొట్టేది హల్వార్. కలప మిల్లులో పనిచేసి దిగిపోయిన మనిషి, డెబ్బై ఆరేళ్లవాడు. కోటు మీద కోటు తొడుక్కుని ముగింపు గీత పక్కన నిలబడతాడు. ఇంకా ఎన్ని చుట్లు మిగిలాయో చూపించే రేకు పలకల బోర్డు తిప్పేదీ ఆయనే, ఆఖరి చుట్టుకి ఇత్తడి గంట కొట్టేదీ ఆయనే. స్కేటర్లు తమ లెక్క తాము పెట్టుకోరు. ఊపిరి తీసుకోవడానికే తీరిక లేనివాళ్లకి లెక్కలెక్కడ? బోర్డు ఎంత చూపిస్తే అంత.

యోరున్‌కి మనిషంటూ ఉన్నది ఈ హల్వార్ ఒక్కడే. గురువారం నాలుగింటికి వస్తాడు. గళ్లగళ్ల అట్లలాంటి వాఫిల్స్ మీద గోధుమరంగు చీజ్ వేసుకుని రెండు తింటాడు, మూడు కప్పుల కాఫీ తాగుతాడు, మిల్లు రోజుల కబుర్లు చెబుతాడు, ఐదున్నరకి లేస్తాడు. మిగతా ఆరు రోజులూ ఆమె ఇంట్లో వినిపించేది ఫ్రిజ్ చప్పుడే.

ఆఖరి పందెం ఐదువేల మీటర్లు. పన్నెండున్నర చుట్లు. ఇద్దరిద్దరు చొప్పున వదులుతారు. ఆఖరి జతలో ఒకమ్మాయి ఆ చుట్టుపక్కలదే. ఆమె కోచ్ అవతలి ఒడ్డున నిలబడి చుట్టుకోసారి అంకె అరుస్తున్నాడు. రెండో అమ్మాయి ఎస్టోనియా నుంచి వచ్చింది. పేరు త్రీను, ఇరవై రెండేళ్లు. వెంట కోచ్ లేడు, తోడు లేదు. పొద్దున ఒక మూల కూర్చుని తన స్కేట్లు తనే సానపట్టుకోవడం యోరున్ చూసింది. ఏడు నిమిషాల ఇరవై సెకన్లలోపు వస్తే ప్రపంచ పోటీలకి పేరు పంపుతారట. ఈ సీజన్‌లో దానికి ఇదే ఆఖరి పందెం.

పిల్ల బాగా పోతోంది. చుట్టుకి సెకన్లు ముప్ఫై నాలుగు పాయింట్ ఎనిమిది, ముప్ఫై నాలుగు తొమ్మిది, ముప్ఫై ఐదు. యోరున్ పెన్సిల్ గడి తర్వాత గడి నింపుకుంటూ పోతోంది. ఇలాగే పోతే మొత్తం ఏడు నిమిషాల పద్దెనిమిది సెకన్లు. యోరున్‌కి ఎవరి మీదా పక్షపాతం ఉండదు, ఉండకూడదు కూడా. అయినా ఆ పిల్ల గీత దాటిన ప్రతిసారీ ఆమె కాళ్లు మెట్టు మీద బిగుసుకుంటున్నాయి.

ముందురోజు సాయంత్రం తడిమంచు పడి రాత్రికి గడ్డకట్టింది. బోర్డు పలకల సందుల్లోనూ పట్టింది. హల్వార్ 'మూడు' పలక తిప్పాడు. దానికి వీపున అంటుకుని 'రెండు' కూడా తిరిగిపోయింది. బోర్డు మీద 'ఒకటి' తేలింది. ఒకటి కనబడితే గంట కొట్టాలి. ఆయన చెయ్యి అలవాటుకొద్దీ వెళ్లింది, కొట్టేసింది.

యోరున్ కూడా అలవాటుకొద్దీ టిక్కు పెట్టింది. పెట్టాక గడి చూసింది. ఇంకా రెండు గళ్లు ఖాళీ. ఆఖరి గంటకి ఒక్కటే ఉండాలి.

"అయ్యో!" అంది పైకే. వినడానికి పక్కన ఎవరూ లేరు.

ఊరి పిల్ల గంట పట్టించుకోలేదు, కోచ్ అరుపే విని సాగిపోయింది. త్రీను మాత్రం ఉన్న బలమంతా కాళ్లలోకి దించింది. ముప్ఫై మూడు ఒకటి. గీత దాటి, పందెం అయిపోయిందనుకుని నడుం ఎత్తి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని జారుతూ పోయింది. ముఖంలో నవ్వు. తల తిప్పి చూస్తే పక్కనమ్మాయి ఇంకా వంగి పరిగెడుతోంది. వెనక హల్వార్ గంట రెండోసారి మోగుతోంది. మెట్ల మీద ఎవరో "పో, పో!" అని అరిచారు. ఆ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోగా పిల్ల మళ్లీ వంగింది. కాళ్లలో ఏమీ మిగల్లేదు. ఆ చుట్టు యాభై రెండు నాలుగు. మొత్తం ఏడు నిమిషాల ముప్ఫై నాలుగు సెకన్లు. పద్నాలుగు మందిలో పద్నాలుగోది.

యోరున్ రెండో టిక్కు కూడా పెట్టింది.

*

రిఫరీ పక్క ఊళ్లో పళ్ల డాక్టరు, మంచివాడే. స్కేట్లు విప్పకుండానే త్రీను ఆయన దగ్గరికి వచ్చి నిలబడింది. ఆయన హల్వార్‌ని పిలిచాడు.

"హల్వార్, గంట ఎన్నిసార్లు కొట్టావు?"

హల్వార్ నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. "ఒక్కసారే."

"సరిగ్గా ఆఖరి చుట్టుకేనా?"

"ఎన్నేళ్లనుంచి కొడుతున్నాను, ఆ మాత్రం తెలీదా?"

చూడ్డానికొచ్చిన నలభై మందిలో సగంమంది కాఫీ కోసం వెచ్చటి గదిలో ఉన్నారు. బయట ఉన్నవాళ్లు చెవుల దాకా టోపీలు లాక్కుని ఉన్నారు. రెండుసార్లు విన్నట్టుందని ఒకడన్నాడు. ఇంత దూరం వచ్చి సాక్ష్యాలెందుకని వాళ్లావిడ మోచేత్తో పొడిచింది. అవతలి ఒడ్డు కోచ్‌ని అడిగితే, "నేను గొంతు చించుకుంటున్నాను, నాకేం వినబడుతుంది?" అన్నాడు.

రిఫరీ చేతులు రెండూ చాచాడు. "తప్పు మా మనిషిదైతే రేపు పొద్దున నిన్ను ఒక్కదాన్నే మళ్లీ పరిగెత్తనిస్తాం. నియమం ఉంది. కానీ ఎవరో ఒకరు చెప్పాలి కదమ్మా."

త్రీను చుట్టూ చూసింది. ఎవరు చెప్పారో ఏమో, సరాసరి మెట్లెక్కి యోరున్ దగ్గరికే వచ్చింది. స్కేట్ల మీద చెక్క మెట్లెక్కడం చిన్న పని కాదు. చెమట కనుబొమల మీద గడ్డకట్టి ఉంది.

"మీరు అన్నీ రాస్తారట. గంట కూడా."

యోరున్ అట్ట బోర్లించి ఒళ్లో పెట్టుకుంది. "రాస్తాను. ఒక్కోసారి."

"ఇవాళ రాశారా?"

కింద ఐస్ మీద హల్వార్ వంగి, పలకల సందుల్లో మంచు గోళ్లతో గీకుతున్నాడు. గీకుతూ గీకుతూ తలెత్తి మెట్ల వైపు చూశాడు. అంత ముసలితనం ఆ ముఖంలో యోరున్ ఎప్పుడూ చూడలేదు. ఈ ఒక్క పని తీసేస్తే ఆయన ఇంట్లోంచి కదలడు. తలదించుకుని గుమ్మం దాటని మనిషి గురువారాలు మాత్రం వస్తాడా? ఈ ఆలోచనంతా ఆమెకి ఒక్క ఊపిరిలో వచ్చింది. అందులో అన్నిటికన్నా ముందు వచ్చింది గురువారమే. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

"ఆ చుట్టులో పెన్సిల్ ములికి విరిగింది," అంది. "గంట రాయలేదు."

త్రీను ఆ కత్తిరించిన తొడుగులోని పెన్సిల్ వైపు చూసింది. అది బాగానే ఉంది. జేబులోంచి చీటీ తీసి ఫోను నంబరు రాసిచ్చింది. "నెలాఖరుకి పేర్లు పంపేస్తారు. ఆలోపు మీకేమైనా గుర్తొస్తే…"

"వస్తే చెప్తాను," అంది యోరున్.

పిల్ల మెట్లు దిగుతుంటే వెనకనించి చూడలేకపోయింది. ఫ్లాస్కు మూత తీసి, తాగకుండానే మళ్లీ బిగించింది.

*

ఆ వారమంతా నెలలో మిగిలిపోయిన ఫలితాలు వచ్చి పడ్డాయి. యోరున్ ఎప్పటికన్నా శ్రద్ధగా చేసింది. ఎక్కడో రోయింగులో మూడో స్థానం వచ్చినవాడి ఇంటిపేరులో ఒక అక్షరం అనుమానంగా ఉంటే ఆ దేశం సంఘానికే ఫోన్ చేసి కనుక్కుంది. తన ఊరి ఐస్ మీద కళ్లారా చూసింది మాత్రం డ్రాయర్లో, బోర్లించిన అట్ట కింద ఉంది. చేసిన పని చిన్నదేమీ కాదని ఆమెకి తెలుసు. తెలిసే, ఆ డ్రాయర్ తియ్యడం మానేసింది.

గురువారం నాలుగింటికి హల్వార్ వచ్చాడు. బూట్లు విప్పి, మంచు దులిపి, ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాడు. ఒక్క వాఫిల్ తీసుకుని, తినకుండా నాలుగు ముక్కలు చేశాడు.

"శనివారమేగా నీ పేజీ?"

"శనివారమే."

"ఐదువేలు కూడా వేస్తున్నావా?"

"వేస్తున్నాను. పద్నాలుగు మందివీ."

"ఊఁ." ఆ ముక్కల్ని మళ్లీ ఎనిమిది చేశాడు. "నువ్వు సరిగ్గా ఎదురుగానే కూర్చున్నావు ఆ రోజు."

"ఎప్పుడూ అక్కడేగా కూర్చునేది."

"అదే." కళ్లెత్తి ఆమెని చూశాడు. ఏదో అడుగుతున్న చూపు. కాపాడమని అడుగుతున్నాడనుకుంది యోరున్. మనసు కరిగిపోయింది. ఆయన్ని ఇంకో మాట అననివ్వకుండా కాఫీ పోసి, "ఈసారి చీజ్ కొత్త దుకాణంలో తెచ్చాను, ఎలా ఉంది?" అంది.

"బాగుంది," అన్నాడు హల్వార్. నోట్లో పెట్టుకోలేదింకా.

శుక్రవారం పేజీ ముగించే రోజు. ఆటల ఎడిటర్ ఎస్పెన్, ముప్ఫై నాలుగేళ్లవాడు, ప్రూఫు పట్టుకుని ఆమె టేబుల్ అంచు మీద కూర్చున్నాడు. కుర్చీల మీద కూర్చోవడం అతనికి చేతకాదు.

"యోరున్ గారూ, ఈ పద్నాలుగో అమ్మాయేంటి, మిగతావాళ్లకి పది సెకన్లు వెనక? పడిందా?"

"పడలేదు."

"మరి? చదివేవాళ్లు అడుగుతారు. ఒక ముక్క పెట్టండి."

ఒక ముక్క! యోరున్ వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. ఉన్న ముక్క ఒకటే. అది కాకపోతే ఇంకేదైనా కల్పించాలి. ఎస్పెన్ కాలు ఊపుతున్నాడు, గడియారం చూస్తున్నాడు. ఆమె కొట్టింది: 'త్రీను (ఎస్టోనియా) చుట్ల లెక్క తప్పి ఒక చుట్టు ముందే ఆగిపోయింది.'

"ఇది బావుంది," అన్నాడు ఎస్పెన్. "పాపం, లెక్కలు రాని పిల్ల." నవ్వుకుంటూ ప్రూఫు తీసుకుపోయాడు.

*

శనివారం పొద్దున తొమ్మిది కాకుండానే తలుపు తట్టిన చప్పుడైంది. గురువారం కాని రోజున ఆమె తలుపు తట్టేవాళ్లు లేరు. తీస్తే హల్వార్. చేతిలో పత్రిక. బూట్లు విప్పకుండా వంటింట్లోకి నడిచి, పత్రిక బల్ల మీద పరిచి, చిట్టచివరి వరస కింద వేలు పెట్టాడు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"కూర్చో, కాఫీ పెడతాను."

"నువ్వు రాసిందేనా అని అడుగుతున్నాను."

"నేనే."

హల్వార్ వేలు తియ్యలేదు. "రిఫరీ ముందు నిజం చెబుదామనే నోరు తెరిచాను యోరున్. ఒట్టు. అబద్ధం ఊడిపడింది. దాన్ని వెనక్కి తీసుకునే ధైర్యం నాకు లేకపోయింది. కానీ పైన నువ్వున్నావు. తలెత్తి చూశాను, నీ చెయ్యి కదలడం చూశాను, రెండుసార్లూ. సరే, యోరున్ కాగితం మీద పెట్టింది, ఇంక దాగదు అనుకున్నాను. ఆ పిల్ల మెట్లెక్కుతుంటే హమ్మయ్య అనుకున్నాను. తీరా అది వట్టి చేతులతో దిగింది. అప్పుడూ అనుకున్నాను, పేజీలో రాస్తుంది, అచ్చులో పెడుతుందని. ఆరు రోజులు కాచుకుని కూర్చున్నాను. రాగానే వెళ్లి ఒప్పేసుకుందామని. నువ్వేమో తీసుకెళ్లి దాని నెత్తిన పెట్టావు."

"నీకోసమే చేశాను," అంది యోరున్.

"నన్నడిగావా?"

"గురువారం నువ్వు అలా చూస్తే…"

"చెప్పేయమని చూశాను!" ముసలాయన గొంతు పగిలింది. "నా నోటితో నేను అడగలేకపోయాను. ఎవరైనా నా బదులు నిజం చెప్తే బాగుండని ఏడుస్తున్నాను, తెలుసా నీకు?"

తెలియదు. ఆమెకి తెలిసింది ఇంకొకటి. దాన్ని ఇప్పుడైనా చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"గంట తీసేసుకుంటే నువ్వు ఇంట్లోంచి బయటికి రావనుకున్నాను. ఇక్కడికి కూడా రావు. నాకింక… నువ్వు రావడం మానేస్తావని భయమేసింది హల్వార్. అంతే. అంతకన్నా ఏం లేదు."

హల్వార్ బూట్ల కింద మంచు కరిగి నేల మీద మడుగు కట్టింది. "గురువారాల కోసమా," అన్నాడు. తిట్టినట్టు కాదు, అడిగినట్టూ కాదు. పత్రిక మడవకుండా అలాగే వదిలేసి వెళ్లిపోయాడు.

యోరున్ ఆ తడి తుడవలేదు. చీటీ వెతికి ఫోన్ చేసింది. నెల ఇంకా అయిపోలేదు, ఇవాళ ఇరవై ఎనిమిది. నాలుగుసార్లు మోగాక త్రీను ఎత్తింది. యోరున్ తానెవరో చెప్పి, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేసింది. పలకలు అంటుకోవడం, రెండు టిక్కులు, విరగని పెన్సిల్, పత్రికలో రాసిన ముక్క.

"పేర్లు నిన్న మధ్యాహ్నమే పంపేశారు," అంది త్రీను. "నెలాఖరు శనివారం వచ్చిందని ముందే మూసేశారు."

"నేను మీ సంఘానికి రాస్తాను. మా రిఫరీకి చెప్తాను, ఆ కాగితం…"

"ఇప్పుడెందుకు చెప్తున్నారు? మీ మనసు తేలికపడాలనా?"

యోరున్ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"వారం నుంచీ నా చెవులే నన్ను మోసం చేశాయనుకుంటున్నాను," అంది త్రీను. "మా అమ్మ కూడా, అలసటలో నీకలా వినబడి ఉంటుందిలే అంది. నమ్మేశాను. పడుకున్నా గంట వినబడుతోంది, అది నిజమో కాదో తెలీదు. ఆ కాగితం ఫొటో తీసి పంపండి. మా అమ్మకి చూపించాలి."

"ఇప్పుడే పంపుతాను. నన్ను క్షమిం…"

ఫోన్ అప్పటికే పెట్టేసింది. యోరున్ కోటు వేసుకుని ఆఫీసుకి నడిచింది. సెలవు రోజు, ఎవరూ లేరు. డ్రాయర్ తీసి, కాగితం కిటికీ వెలుగులో పెట్టి, రెండు టిక్కులూ స్పష్టంగా కనబడేలా ఫొటో తీసి త్రీనుకి పంపింది. ఇంకోటి రిఫరీకి పంపింది.

*

ఆదివారం ఆమె హల్వార్ ఇంటికి వెళ్లింది. అన్నేళ్లలో ఆయన గుమ్మం ఎక్కడం అదే మొదలు. ఎప్పుడూ ఆయనే వచ్చేవాడు మరి. తలుపు తెరిచి, లోపలికి రమ్మనలేదు. యోరున్ మెట్టు మీదే నిలబడి, కోటు జేబులోంచి కాగితం తీసింది.

"సవరణ వేయిస్తున్నాను. ఈసారి అడగడానికొచ్చాను. గంట ముందే మోగిందని రాశాను. కొట్టినదెవరో రాయలేదు."

"చదువు."

చదివింది. ఐదు లైన్లు. ఆయన తలుపు చెక్క పట్టుకుని విన్నాడు.

"నా పేరు పెట్టు," అన్నాడు. "ఒక్కసారే కొట్టానని చెప్పింది అబద్ధమని కూడా పెట్టు." చలిగాలి లోపలికి వస్తోందన్నట్టు తలుపు మెల్లగా వేసేసుకున్నాడు.

సోమవారం ఎస్పెన్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. కాలు ఊపడం మర్చిపోయాడు.

"ఇంత అవసరమా? పొరపాటుకు చింతిస్తున్నాం అని ఒక లైను వేస్తే పోయేదానికి! అందరూ అలాగే వేస్తారు."

"పొరపాటు కాదు ఎస్పెన్. తెలిసి రాశాను."

"యోరున్ గారూ, ఇది ఇలాగే వేస్తే పైవాళ్లు ఊరుకోరు. 'నెల ఆటలు' మీ చేతికి ఇంక ఇవ్వరు. నేను ఆపలేను."

"ఇవ్వకపోతే మానె."

"పోనీ మీ పేరు తీసేద్దాం. అతని పేరు ఎలాగూ ఉందిగా."

యోరున్ అతని వంక చూసింది. కుర్రాడు చెడ్డవాడు కాదు, ఆమెని కాపాడుతున్నాననే అనుకుంటున్నాడు. "ఉంచు," అంది.

మంగళవారం రెండో పేజీ అడుగున వచ్చింది. 'సవరణ. 22న జరిగిన ఐదువేల మీటర్ల పందెంలో త్రీను (ఎస్టోనియా) లెక్క తప్పలేదు. ఆఖరి గంట ఒక చుట్టు ముందే మోగింది. చివరి రెండు చుట్లు 33.1, 52.4. గంట కొట్టిన హల్వార్, ఒకేసారి కొట్టానని రిఫరీకి చెప్పినది అబద్ధం. రెండుసార్లు మోగిందని రాసుకుని కూడా దాచినది, తప్పుడు వార్త రాసినది ఆటల పేజీ చేసే యోరున్.' ఆ పత్రికలో పని చేసిన ఇరవై తొమ్మిదేళ్లలో ఆమె పేరు అచ్చులో పడడం అదే మొదటిసారి. లోకంలో గెలిచినవాళ్లవి, ఓడినవాళ్లవి ఎన్ని వేల పేర్లు వేసిందో లెక్కలేదు. బస్సు స్టాపులో నిలబడి చదువుకుంది. బస్సు వచ్చింది, ఎక్కి ఆఫీసుకి వెళ్లింది. బుధవారం సాయంత్రానికి పేజీ వేరేవాళ్లకి అప్పజెప్పమన్నారు, అప్పజెప్పింది.

గురువారం మూడున్నరకి, చెయ్యి ఊరుకోక, వాఫిల్ పిండి కలిపింది. రెండు గుడ్లు, పాలు, కాస్త యాలకుల పొడి. నాలుగైంది. నాలుగుంబావైంది. ఫ్రిజ్ కాసేపు గుర్రుమని ఆగిపోయింది. నాలుగున్నరకి మోగింది ఫోన్.

"చదివాను," అన్నాడు హల్వార్.

"ఊఁ."

"నీ పేరు కూడా పెడతానని నాకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు."

అవతల చిన్న చప్పుడైంది. దగ్గో, నవ్వో తెలియలేదు. "నిన్న ట్రాక్ వాళ్లొచ్చి గంట, బోర్డు తీసుకెళ్లారు. ఎవరికో కుర్రాడికి ఇస్తారట."

"నా పేజీ కూడా తీసేసుకున్నారు."

"అవునా."

"అవును."

ఆయన ఊపిరి వినబడుతోంది. రమ్మని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది యోరున్‌కి. ఈ ఒక్కదానికోసమే కదా అంత పని చేసింది! అడిగితే మళ్లీ అదే బేరమవుతుందనిపించి పెదవి బిగించుకుంది.

"ఆ పిల్ల ఏమంది?" అన్నాడు హల్వార్.

"కాగితం వాళ్లమ్మకి చూపించిందట. రాసింది. అంతే రాసింది."

"ఊఁ. మంచిది. ఉంటాను మరి."

ఫోన్ పెట్టేశాడు. వస్తాడో రాడో చెప్పలేదు, ఈ వారమనీ చెప్పలేదు, వచ్చే వారమనీ చెప్పలేదు. యోరున్ పెనం వేడిచేసి ఒక్క వాఫిల్ పోసుకుంది. మిగిలిన పిండి మీద పళ్లెం బోర్లించి ఫ్రిజ్‌లో పెట్టింది. వచ్చే గురువారం దాకా అది నిలవుండదని ఆమెకి తెలుసు.